తొలి ప్రోగ్రామునకు ముందొక కాగితము: పాఠ్యనిర్ణాయక సంఘములకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల విశ్వవిద్యాలయములలోను పాలిటెక్నిక్ విద్యలోను కంప్యూటరు శాస్త్రమునకు పాఠ్యప్రణాళికలను రూపొందించు సంఘముల అధ్యక్షులకును, సభ్యులకును

మాన్యులారా,

ప్రథమ సంవత్సర విద్యార్థులకు ప్రోగ్రామింగు బోధించుటయే వృత్తిగా గలవాడనై, ఆ విద్యార్థులే పై తరగతులలో ఎచ్చట తడబడుచున్నారో దగ్గరనుండి చూచుచు వచ్చినవాడనై, పాఠ్యప్రణాళిక సవరింపబడు ప్రతి పర్యాయమును సీతో ప్రారంభింపవలెనా పైథానుతో ప్రారంభింపవలెనా అను వాదమే ప్రధానమై, అంతకంటె మూలమైన వేరొక విషయము చర్చకే రాకుండ పోవుచున్నదని తలచి, ఈ లేఖను మీకును, మీ ద్వారా ఈ విద్యతో సంబంధము గల ఉపాధ్యాయులకును తల్లిదండ్రులకును వ్రాయుచున్నాను. నేను విన్నవింపదలచినది ఒక్కటే. ఒక చిన్న సమస్యకు విధానమును తానే కల్పించుట, ఆ విధానము ఎచ్చట విఫలము కాగలదో తానే వెదకుట, ఏ ఇన్‌పుట్‌కు ఏ ఫలితము రావలెనో యంత్రమును ముట్టకముందే కాగితముపై వ్రాసి పెట్టుకొనుట: ఇది మొదటి సంవత్సరమున నేర్వవలసిన ప్రధాన విద్య. ఈ విద్యకు మన పరీక్షలలో మార్కులు దాదాపుగా లేవు. మార్కులు లేని దానిని, ఎంత మంచిదైనను, మన తరగతి గదులలో నేర్పుటకు తీరికయు నేర్చుటకు ఓపికయు మిగులుట లేదు.

ఇప్పుడు ల్యాబులలో జరుగుచున్నది మీకు తెలియనిది కాదు. విద్యార్థి రికార్డులో ప్రతి ప్రయోగమునకును ఉద్దేశము, అల్గారిథము, ఫ్లోచార్టు, ప్రోగ్రాము, అవుట్‌పుట్ అను శీర్షికలు వరుసగా, గీతలతో సహా కనబడును. చూచువారికి ఆ వరుస శాస్త్రీయముగనే తోచును. కాని ఆ పుటలు నిండిన వరుస వేరు. మొదట ప్రోగ్రాము ఒక సీనియరు రికార్డునుండియో ముద్రిత మాన్యుయలు నుండియో వచ్చి కూర్చుండును; అది కంపైలై నడచిన పిమ్మట, దానిని చూచి పంక్తికొక వాక్యము చొప్పున అల్గారిథము వ్రాయబడును; అటుపైన స్కేలుతో, పెన్సిలుతో ఫ్లోచార్టు గీయబడును. ఆలోచనకు సాధనములుగా పుట్టిన ఆ రెండును, ఆలోచన ముగిసిన తరువాత, అదియు వేరొకరి ఆలోచన అయిన తరువాత, అలంకారములుగా వచ్చి చేరుచున్నవి. చిట్టచివర అవుట్‌పుట్ అను శీర్షిక క్రింద ఒక్క ఇన్‌పుట్‌కు ఒక్క ఫలితము.

ఫాక్టోరియలు ప్రోగ్రామునే తీసికొందము. 5 ఇచ్చినచో 120 వచ్చినదని వ్రాసి విద్యార్థి సంతకము కొరకు నిలుచును. ఆ ప్రోగ్రామునకు సున్న ఇచ్చినచో 1 రావలెనని అడుగువారు లేరు. ఋణసంఖ్య ఇచ్చినచో ఏమి చేయవలెనని అడుగువారు అంతకంటె లేరు. ముప్పదిరెండు బిట్ల పూర్ణసంఖ్యలో ఇమడగల మిక్కిలి పెద్ద విలువ 2,14,74,83,647 గనుక, 12 వరకు నిజము పలికి 47,90,01,600 అని చెప్పిన ప్రోగ్రామే, 13 ఇవ్వగానే సాధారణముగా 1,93,20,53,504 అని చెప్పును, కావలసినది 6,22,70,20,800. అబద్ధము చెప్పునపుడు యంత్రము తొట్రుపడదు, స్వరము మార్చదు. అయినను గుణకారమెరిగిన విద్యార్థి ఆ జవాబును చూచిన క్షణముననే పట్టవచ్చును. ఏలన, 13 ఫాక్టోరియలులో 10 ఒక గుణకము, 5 మరియొక గుణకము, వానికి జతపడు సరిసంఖ్యలు కావలసినన్ని, కావున ఆ లబ్ధము రెండు సున్నలతో ముగియక తీరదు. ఇచ్చటనో, చివర 504 ఉన్నది. చిరకాలము మన కళాశాలలలో రాజ్యమేలిన టర్బో సీలో పూర్ణసంఖ్యకు పదునారు బిట్లే గనుక అచ్చట 8 ఇచ్చినపుడే -25216 అని వచ్చెడిది. ధనసంఖ్యలను గుణించగా ఋణసంఖ్య వచ్చుట ఎట్లని ఆశ్చర్యపడవలసిన విద్యార్థి 8 ఇచ్చి చూచిననే గదా ఆశ్చర్యపడుట! రికార్డులో 5 ఉన్నది, 120 ఉన్నది, సంతకమైనది.

నేను కోరుచున్న పద్ధతి ఎట్లుండునో ఒక ఉదాహరణముతో కొంచెము విస్తరించి చెప్పుటకు అనుమతింపుడు. కొన్ని సంఖ్యలలో పెద్దదానిని కనుగొనుట అను సమస్యను తొలివారమున ఇచ్చినపుడు విద్యార్థులు వ్రాయు విధానము తరచుగ ఇట్లుండును: గరిష్ఠము అను పేరుగల స్థానమున సున్న ఉంచుము, సంఖ్యలను ఒక్కొక్కటిగా చూడుము, చూచిన సంఖ్య గరిష్ఠముకంటె పెద్దదైనచో దానిని ఆ స్థానమున ఉంచుము, అన్నియు ముగిసిన పిదప గరిష్ఠమును ప్రకటింపుము. 12, 45, 7 అను సంఖ్యలతో నడపి చూచిన 45 వచ్చును. తరగతి సంతోషించును. నేటి రికార్డు పద్ధతిలో ఆ ప్రయోగము అంతటితో సమాప్తము.

ఇప్పుడు ఆ సంఖ్యలు లేహ్ నగరపు శీతకాల రాత్రుల ఉష్ణోగ్రతలని భావించి, -14, -9, -21 అని ఇచ్చినచో ఏమగును? కాగితముపై పట్టిక గీసి విద్యార్థి చేతనే నడిపింపవలెను. గరిష్ఠము సున్న; -14 సున్నకంటె పెద్దది కాదు; -9 కాదు; -21 కాదు; జవాబు సున్న. ఇచ్చిన సంఖ్యలలో లేనే లేని సంఖ్య వానిలో పెద్దదిగా ప్రకటింపబడినది! ఈ పట్టికను తన చేతితో పూర్తిచేసిన విద్యార్థి ముఖమున కలుగు మార్పును చూచిన ఉపాధ్యాయుడు ఆ గంటను వేరొక విధముగ గడుపుటకు ఇష్టపడడు. ఆ మీదట సవరణ ఎవరును చెప్పనక్కరలేదు: గరిష్ఠమునందు మొదట సున్నను గాక, వచ్చిన సంఖ్యలలో మొదటిదానిని ఉంచవలెనని వారే చెప్పుదురు. మరల పట్టిక: గరిష్ఠము -14; -9 దానికంటె పెద్దది, కావున గరిష్ఠము -9; -21 పెద్దది కాదు; జవాబు -9.

వెంటనే ఒక పిల్లయో పిల్లవాడో అడుగును: అసలు సంఖ్యలే ఇవ్వకున్న మొదటిదానిని ఎక్కడనుండి తెత్తుము? ఈ ప్రశ్న వచ్చిన దినమున ఆ తరగతి ప్రోగ్రామింగు నేర్చుకొనుట ప్రారంభించినదని నేను లెక్క. ఏలన, ఇది విధానమునందలి లోపమును గూర్చిన ప్రశ్న కాదు. సమస్యయే చెప్పక విడిచిన దానిని గూర్చిన ప్రశ్న. ఖాళీ జాబితాలో పెద్దది ఏది అను దానికి గణితము జవాబీయదు; అడిగినవారు నిర్ణయింపవలెను, లేదా వారినడిగి మనము నిర్ణయింపవలెను. పరీక్షార్థమైన ఇన్‌పుట్‌లను వెదకుటకు పూనుకొన్నప్పుడు గాని సమస్య యొక్క హద్దులెచ్చట నున్నవో కనబడవు. కావుననే, విధానమును కల్పించుట ముందనియు పరీక్షించుట తరువాతిదనియు విడదీసి, రెండవదానిని పై తరగతులలోని సాఫ్ట్‌వేరు ఇంజనీరింగు పాఠమునకు వాయిదావేయు మన ప్రణాళికాక్రమమును నేను అంగీకరింపజాలను. ఒకే ఒక సంఖ్య ఇచ్చినచో ఏమగును, అన్నియు సమానమైనచో ఏమగును, పెద్దది జాబితాలో మొదటనే ఉన్నచో, చిట్టచివర ఉన్నచో ఏమగును అని తనను తాను ప్రశ్నించుకొను విద్యార్థి అదే సమయమున విధానమును కల్పించుచున్నాడు. లూపు ఒక అడుగు ముందుగా ఆగుట అను లోపము, పెద్ద సంఖ్యను చివర ఉంచి చూచిననే బయటపడును గాని ఎన్ని పుటల ఫ్లోచార్టు గీసినను బయటపడదు.

అంతటితో ఆగక, ఈ విధానము సరియని ఎట్లు నమ్మవలెను అని కూడ అడుగవలెను. సవరించిన విధానములో ప్రతి అడుగు చివరను గరిష్ఠస్థానమున ఉన్నది అంతవరకు చూచిన వానిలో పెద్దది. మొదట ఒక్కటియే చూచితిమి గనుక అది నిజము. తరువాతి సంఖ్యను చూచినపుడు పెద్దదైన మార్చితిమి, కాకున్న ఉంచితిమి గనుక అప్పుడును నిజము. అన్నియు చూచిన పిదప అదియే మనకు కావలసిన జవాబు. ఇంతమాత్రపు వివరణము పదునెనిమిదేండ్ల బాలిక తన మాటలలో చెప్పగలదు. ఇది చిన్నపిల్లల కొరకు కల్పించిన తేలిక మార్గము కాదు. 1949లో, కంప్యూటర్లు ప్రపంచమున వ్రేళ్ళపై లెక్కింపదగినన్ని మాత్రమే ఉన్న కాలమున, కేంబ్రిడ్జిలో జరిగిన సమావేశమున అలాన్ ట్యూరింగు, ఒక ప్రోగ్రాము సరియైనదని పరీక్షకుడు నిశ్చయించుకొనుట ఎట్లు అను ప్రశ్నను లేవనెత్తి, దానియందలి ఆయా స్థానములలో ఏయే విషయములు నిజము కావలెనో వ్రాసియుంచినచో వానిని ఒక్కొక్కటిగా సరిచూచి మొత్తము నమ్మవచ్చునని చూపెను. ఆయన ఎన్నుకొన్న ఉదాహరణము కూడ ఫాక్టోరియలే: గుణకారము లేకుండ, కూడికలతోనే లెక్కించు ఫాక్టోరియలు. తరువాత 1967లో ఫ్లాయిడ్, 1969లో హోర్ అను కంప్యూటరు శాస్త్రజ్ఞులు ఆ భావమును శాస్త్రముగా పెంచిరి. మన రికార్డులలో నిర్జీవముగా పడియున్న ఆ లెక్కయే ఒకనాడు ఇంతటి విచారణకు మూలమైనదని విద్యార్థికి చెప్పకపోవుట నాకు దుఃఖము కలిగించును.

ఇట్టి చిన్న లోపములు చిన్న ప్రోగ్రాములలోనే ఉండును, పెద్ద సంస్థలలో అవి తమంతట తామే సర్దుకొనును అను అపోహ కొందరికి కలదు. 2008 డిసెంబరు 31న మైక్రోసాఫ్టు వారి జూన్ (Zune) అను సంగీత పరికరములలో 30 గిగాబైట్ల రకమునకు చెందినవి ఎక్కడివక్కడ స్తంభించిపోయినవి. ఆ పరికరము 1980 జనవరి 1 మొదలు గడచిన దినముల సంఖ్యనుండి నేటి సంవత్సరమును కనుగొనవలెను. దానిలోని విధానము ఇట్లున్నది: దినములు 365కంటె ఎక్కువగా ఉన్నంతవరకు, అది లీపు సంవత్సరమైనచో, దినములు 366కంటె ఎక్కువగా ఉన్న 366 తీసివేసి తరువాతి సంవత్సరమునకు పొమ్ము, లీపు సంవత్సరము కానిచో 365 తీసివేసి తరువాతి సంవత్సరమునకు పొమ్ము. ఇంచుమించుగా ప్రతి దినమునకును ఇది సరిగనే పనిచేయును. లీపు సంవత్సరపు చివరి దినమున మాత్రము సరిగా 366 మిగులును. 365కంటె ఎక్కువ గనుక లూపు ఆగదు. 366కంటె ఎక్కువ కాదు గనుక ఏదియు తీసివేయబడదు. అదే ప్రశ్న, అదే జవాబు, అంతులేకుండ. బ్యాటరీ పూర్తిగా తరిగి, మరునాడు జనవరి 1 వచ్చిన పిదప గాని అవి తిరిగి పనిచేయలేదు. 365, 366, 367 అను మూడు సంఖ్యలను కాగితముపై పెట్టి నడపి చూచిన ప్రథమ సంవత్సర విద్యార్థి అయిదు నిమిషములలో పట్టగల లోపమిది. హద్దుకు ముందొకటి, హద్దుపై ఒకటి, హద్దు దాటి ఒకటి అను నియమము మన పాఠ్యపుస్తకములలో మొదటి అధ్యాయముననే ఉండదగినది.

పరీక్షలకు పరిమితి లేదని నేను చెప్పుట లేదు. పరీక్షలు లోపములున్నవని చూపగలవు గాని లేవని చూపజాలవని కంప్యూటరు శాస్త్రజ్ఞుడు డైక్‌స్ట్రా 1970 ప్రాంతముననే హెచ్చరించెను. క్రమముగ అమర్చిన జాబితాను మధ్యకు విభజించుచు వెదకు బైనరీ సెర్చి వంటి సుప్రసిద్ధ విధానమునందు, రెండు హద్దులను కూడి సగము చేయు ఆ ఒక్క పంక్తిలో, జాబితా 107 కోట్లు దాటినపుడు కూడికయే పూర్ణసంఖ్యలో ఇమడక పోవునను దోషము జావా గ్రంథాలయములో ఏండ్ల తరబడి దాగియుండగా, దానిని వ్రాసిన జాషువా బ్లాక్ తానే 2006లో లోకమునకు వెల్లడించెను. అంతకుముందు జాన్ బెంట్లీ తన పుస్తకమున నిరూపణముతో సహా ప్రకటించిన ప్రోగ్రామునందును ఆ దోషమే కలదు. నిరూపణము ఆదర్శసంఖ్యలను గూర్చినది. యంత్రములోని సంఖ్యలకు అంచు కలదు. ఇంతటివారికి సంభవించినది గనుక మనకు పరీక్షలేల అనుట తగదు. అనుభవజ్ఞులే ఏమరుచోట, ఏమరకుండుటను ఎవరును నేర్పని పిల్లవాని గతి ఏమని ఆలోచింపవలెను.

సరిచూచుట అను అలవాటు మన దేశమునకు పరాయిది కాదు. 1881లో పెషావరు సమీపమున బఖ్షాలీ గ్రామమున నేలలో దొరికి, నేడు ఆక్స్‌ఫర్డునందలి బోడ్లియన్ గ్రంథాలయములో నున్న భూర్జపత్ర గణితగ్రంథమున, సూత్రము, ఉదాహరణము, సంఖ్యలను అమర్చు స్థాపనము, లెక్క నడచు కరణము, వీని తరువాత వచ్చిన జవాబును వేరొక త్రోవలో సరిచూచు ప్రత్యయము అను భాగము కూడ కనబడును. ఆ ప్రాచీన గణకుడు జవాబును రాబట్టి చేతులు కడుగుకొనలేదు. అది జవాబే అని చూపుట కూడ తన పనిగనే ఎంచెను. ఆ గ్రంథపు మొదటి నాలుగు భాగములకు ఇంచుమించు సమానమైనవి మన రికార్డులలో నున్నవి. మనకు లేనిది ఆ అయిదవది.

భాషను గూర్చి కూడ ఒక మాట. పదునొకండవ శతాబ్దిలోనే పావులూరి మల్లన మహావీరాచార్యుల సంస్కృత గణితమును తెలుగు పద్యములలోనికి తెచ్చెను. వేయేండ్ల క్రిందట తెలుగులో లెక్క చెప్పవచ్చినపుడు, ప్రభుత్వ పాఠశాలలో తెలుగు మాధ్యమమున చదివి ఇంజనీరింగునకో పాలిటెక్నిక్‌నకో వచ్చిన బాలిక తన విధానమును తెలుగులో వ్రాసినచో మార్కులు తగ్గునేమో అని భయపడవలసిన అవసరమేమి? ప్రోగ్రామును సీలోనో పైథానులోనో వ్రాయక తప్పదు. విధానమును కల్పించునది మాత్రము ఆమె బుద్ధి. ఆ బుద్ధి ఏ భాషలో ఆలోచించునో ఆ భాషలోనే మొదట కాగితముపైకి రానిండు. తెలుగులో ఆలోచించి, ఆంగ్లములో కంఠస్థము చేసి, సీలో వ్రాయుమని అడుగుట వలన ఎందరు తెలివైన పిల్లలు తమకు ఈ విద్య రాదని తీర్మానించుకొనుచున్నారో, తరగతి గదిలో వెనుక వరుసలను చూచిన ప్రతి ఉపాధ్యాయునికి తెలియును.

కావున ప్రాక్టికల్ పరీక్ష స్వరూపమునే మార్చుడని కోరుచున్నాను. మూడు గంటల పరీక్షలో మొదటి నలువది నిమిషములు యంత్రము లేకుండ గడవనిండు. ఆ కాలమున విద్యార్థి తనకు వచ్చిన భాషలో విధానమును వ్రాసి, దాని క్రింద ఒక పట్టిక గీసి, తానెన్నుకొన్న ఇన్‌పుట్, దానికి రావలసిన ఫలితము, దానిని ఎన్నుకొనుటకు కారణము వ్రాయవలెను. వానిలో ఒక దానిని ఆద్యంతము కాగితముపై నడపి (డ్రై రన్ చేసి) చూపవలెను. పరీక్షకుడు ఆ కాగితముపై సంతకము చేసిన పిదపనే కంప్యూటరు వద్దకు పోవలెను. యంత్రము ఇచ్చిన ఫలితమును పట్టికలో ప్రక్కన వ్రాయవలెను. రావలసినదానికిని వచ్చినదానికిని భేదమున్నచో, దానిని దాచక, కారణము కనుగొని వ్రాసిన విద్యార్థికి మార్కులు పెంచవలెనే గాని త్రుంచరాదు. ఇప్పటి పద్ధతిలో ప్రోగ్రాము నడువకున్న సర్వమును పోవును గనుక, పిల్లలు దానిని నడుచునట్లు నటింపజేయుటకు అలవాటుపడుచున్నారు. సగము మార్కులైనను ఆ కాగితమునకు చెందవలెను.

వ్రాతపరీక్షలో విధానమును వ్రాయుమని గాక, లోపము గల విధానమునిచ్చి అది తప్పు చెప్పు ఇన్‌పుట్‌ను కనుగొనుమని అడుగవచ్చును. నాలుగుచే భాగింపబడు ప్రతి సంవత్సరమును లీపు సంవత్సరమను విధానమునకు 2023, 2024, 2000 ఇచ్చిన మూడును సరిపోవును; 1900 ఇచ్చినపుడే అది పట్టుబడును. నూరుచే భాగింపబడునది లీపు కాదని దానిని సవరించి నాలుగువందల నియమమును మరచినవానిని పట్టించునది మరల 2000. ఏ సంవత్సరము ఏ తప్పును పట్టించునో చెప్పగల విద్యార్థికి ఆ సూత్రము అర్థమైనది. నాలుగు సంవత్సరములు చాలునని, ఏ నాలుగో చెప్పగలవానికి ఇంకను బాగుగ అర్థమైనది. మూడు సంఖ్యలు త్రిభుజపు భుజములు కాగలవా, అది సమబాహువా, సమద్విబాహువా, విషమబాహువా అని నిర్ణయించు ప్రోగ్రామునకు పరీక్షలు వ్రాయుమని గ్లెన్‌ఫర్డ్ మైయర్స్ 1979లో తన గ్రంథారంభమున అడిగి, పదునాలుగు అంశములతో కొలిచినపుడు నిపుణులైన ప్రోగ్రామర్లకే సగటున 7.8 వచ్చెనని తెలిపెను. 1, 2, 3 ఇచ్చిన త్రిభుజము గాక సరళరేఖ ఏర్పడుననియు, అవే సంఖ్యలను 3, 1, 2 అని మార్చి ఇచ్చి చూడవలెననియు, ఒక భుజము సున్న అయినచో ఏమనవలెననియు మన పిల్లలకు తోచదా? తోచును. అడిగినవారు లేరు.

కాలము చాలదందురు. పది పదునైదు ప్రయోగములను ఏడెనిమిదికి తగ్గించుడు. పాలిండ్రోము, ఆర్మ్‌స్ట్రాంగు సంఖ్య, నక్షత్రముల పిరమిడ్డు అన్నియు ఒక్క సెమిస్టరులో చేయనంత మాత్రాన ఎవరికిని నష్టము రాదు. దిద్దువారికి శ్రమ అధికమందురు. నిజమే, ఒక్క అవుట్‌పుట్‌ను చూచి సంతకము పెట్టుటకంటె పట్టికను చదువుట శ్రమ. దానికి తగినట్లు ఒక్కొక్క పరీక్షకునికి అప్పగించు విద్యార్థుల సంఖ్యను తగ్గించుట మీ అధికారములోనిదే. ఇక నేటి కాలమున ప్రోగ్రామునే అడిగినంత మాత్రమున వ్రాసి యిచ్చు సాఫ్ట్‌వేరు వచ్చినది గదా, ఈ ప్రయాస యెందులకు అనువారికి నా జవాబు సూటియైనది: విద్యార్థి చేతిలోని ఫోనే ప్రోగ్రామును వ్రాయగలిగిన దినమున, ప్రోగ్రామును వ్రాసి యిమ్మని మాత్రమే అడుగు మన పరీక్ష ఎవరి తెలివిని కొలుచుచున్నట్లు? వచ్చిన ప్రోగ్రాము -14, -9, -21 అను సంఖ్యలకు ఏమి చెప్పునో విచారించి చూచువాడు మనిషియే కావలెను, ఆ విచారణ వానికి మనమే నేర్పవలెను.

రాబోవు సవరణలో ఈ మార్పును ఒక్కసారిగా అన్ని కళాశాలలకును విధింపుడని నేను కోరుట లేదు. మొదట ప్రథమ సెమిస్టరు ల్యాబునకు మాత్రమే, ఇష్టపడిన కొన్ని కళాశాలలలో ప్రవేశపెట్టి, ఆ విద్యార్థులు రెండవ సంవత్సరమున డేటా స్ట్రక్చర్ల పాఠము నందుకొను తీరును అచ్చటి ఉపాధ్యాయులనే అడిగి తెలిసికొనుడు. ముసాయిదా ఖరారగుటకు ముందు దానిని ప్రథమ సంవత్సరమునకు పాఠము చెప్పువారికి, ముఖ్యముగ జిల్లా కేంద్రములకు దూరమున నున్న కళాశాలలవారికి పంపి, వ్రాతమూలకముగ అభిప్రాయములు తెప్పించుకొనుడు. మాదిరి ప్రశ్నాపత్రములను, పరీక్షా పట్టికలను తెలుగులోను ఆంగ్లములోను సిద్ధపరచు పని అప్పగించినచో ప్రతిఫలాపేక్ష లేకుండ నెరవేర్చుటకు నేను సిద్ధముగ నున్నాను. నావలెనే సిద్ధపడు సహోపాధ్యాయులు రెండు రాష్ట్రములలోను కలరు.

ఇట్లు,
భవదీయుడు,
ప్రథమ సంవత్సరమునకు ప్రోగ్రామింగు బోధించు ఒక ఉపాధ్యాయుడు